పండగ ముందు వాచిన కాలు

కొరియావాళ్ళ పంటల పండగ చూసొక్‌కి అత్తగారి ఊరు వెళ్ళడానికి సున్‌రే సంచి సర్దుతోంది. మొగుడికి ఇస్త్రీ చొక్కాలు, అత్తగారి మోకాళ్ళకి పట్టీలు, తనకి వంటచేసేటప్పుడు కట్టుకునే పాత ఏప్రన్లు. నేలమీంచి లేవబోతే ఎడమ కాలు మొరాయించింది. చీలమండ వాచి, పిక్క బిగుసుకుని వేడిగా ఉంది. తన సాక్సు ఎక్కక మొగుడిది తొడుక్కుంది.

"ఏంటా కుంటడం?" అన్నాడు మొగుడు తెక్సు గుమ్మంలోంచి. అంతలోనే నవ్వాడు. "ఈ ఏడు నీ వంతా?"

"చెప్పు కరిచింది" అంది.

కిందటేడు చిన్న తోడికోడలు మిగ్యాంగ్ కాలికి పిండికట్టుతో వచ్చింది. పండగ చాకిరీ తప్పించుకోవడానికి కోడళ్ళు ఇంటర్నెట్‌లో కొనుక్కునే ఉత్తుత్తి కట్టు అది. అత్తగారు గరిటె కాడతో కొట్టి చూసి అందరి ముందూ విప్పించింది. లోపల నిక్షేపంలాంటి కాలు. ఇల్లంతా నవ్వింది. సున్‌రే కూడా నవ్వింది. ఇప్పుడు తన కాలు చూపిస్తే ఎవరు నమ్ముతారు?

నిన్న సూపర్‌మార్కెట్‌లో బిల్లులు కొట్టే డ్యూటీ దిగాక, ఎవరికీ చెప్పకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. పగుళ్ళ మడమ బయటపెట్టడానికే ప్రాణం చచ్చిపోయింది. డాక్టరమ్మ వేలితో నొక్కితే గుంట పడింది.

"బెణికితే మీకు గుర్తుండేది. గుండెవల్లో కిడ్నీలవల్లో అయితే మామూలుగా రెండు కాళ్ళూ వాస్తాయి. కీళ్ళ జబ్బయితే పిక్క ఇలా ఉండదు. రక్తం గడ్డకట్టిందేమోనని నా అనుమానం. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఈరోజే పెద్దాసుపత్రికి వెళ్ళండి."

"పండగ అయ్యాక వెళ్తే?"

"మీ ఇంట్లో ఇంకెవరికీ చేతులు లేవా అమ్మా?"

ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు సున్‌రే తల దించుకుంది.

పొద్దల్లా కారులో కూర్చుని అత్తగారి ఊరు యెచియాన్ చేరేసరికి కాలు మొద్దులా అయింది. అయినా ఏప్రన్ కట్టుకుని వంటింట్లో నేలమీద కూర్చుంది. చేప ముక్కలు గుడ్డు సొనలో ముంచి పెనం మీద వేస్తోంది. పక్కగదిలో మగవాళ్ళు పేకాడుతున్నారు. తట్టుకోలేక కాలు చాపింది.

"ఏమ్మా పెద్దకోడలా, కాలు చాపావ్? నువ్వూ కొనుక్కొచ్చావా?" అంది అత్తగారు.

పక్కగదిలోంచి కూడా నవ్వులు వినిపించాయి. అందరికంటే గట్టిగా సున్‌రే నవ్వింది. చాపిన కాలు మళ్ళీ మడిచింది.

అత్తగారు పెరట్లోకి వెళ్ళగానే మిగ్యాంగ్ సున్‌రే సాక్సు కిందికి లాగింది. చూసి, చేతికంటిన పిండి కూడా కడుక్కోకుండా లేచింది.

"అక్కా, ఇదేంటి ఇలా ఉంది? లే. బావగారికి నేను చెప్తాను. కారు తీయమంటాను."

"నువ్వు చెప్తే నమ్ముతారటే?" అంది సున్‌రే. అన్నాక నాలుక కరుచుకుంది. మిగ్యాంగ్ ముఖం కందిపోయింది. దెబ్బ కొట్టిన చోటే మళ్ళీ కొట్టాననుకుంది సున్‌రే. క్షమించమని అడగడానికీ సిగ్గేసింది.

"అరవకే. ఊపిరి కాస్త అందడం లేదు, ఈ నూనె పొగవల్లే. పండగ కానీ, నేనే వెళ్తాను."

మిగ్యాంగ్ ఆగలేదు. పక్కగదిలోకి వెళ్ళి చెప్పింది. "ఇద్దరూ కలిసి మొదలెట్టారా?" అన్నాడు తెక్సు, పేకముక్కల్లోంచి తలెత్తకుండా. సున్‌రే ఆ మాట విని సాక్సు పైకి లాక్కుంది. పెనం మీద ముక్కలు తిరగేసింది.

ఇంచియాన్‌లోని తమ ఇంటికి సున్‌రే తిరిగి రాలేదు. రెండు వేల పన్నెండు, చూసొక్ రోజు ఉదయం ఆమె ఊపిరి ఆగిపోయింది.