గుర్వయ్య సార్ బయోడేటా

పీర్ మహమ్మద్ టైపు మిషన్ మీది గుడ్డ తీసి రెండుసార్లు దులిపి, మడిచి సొరుగులో పెట్టాడు. స్పిన్నింగు మిల్లు నడిచినన్నాళ్లూ ఆ గుడ్డ దులిపితే తెల్లగా పత్తి నూగు లేచేది. మిల్లు ఆగి రెండు నెలలైంది. ఇప్పుడు లేచేది వట్టి దుమ్ము. అయినా దులపడం మానలేదు.

తర్వాత వేళ్ల వంతు. కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో ఒక్కొక్కటే పట్టి వెనక్కి వంచాడు. నల్గొండ జిల్లా మర్రిగూడ ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన ఒళ్లు. నలభై ఏడేళ్లకే మోచేతులు పూర్తిగా చాపుకోవు, పక్కకు చూడాలంటే మెడతోపాటు నడుమూ తిరగాలి. పొద్దున వేళ్లు మొరాయిస్తాయి, పదింటికల్లా దారికొస్తాయి. పద్దెనిమిదేళ్లుగా ఇదే తంతు.

డ్రైవర్ ఎల్లేశం తలుపు దగ్గర నిలబడి కేకేశాడు.

"చాచా, మూడింటికి జీపు పట్నం పోతది. మేనేజర్ సారు క్వార్టర్ ఖాళీ చేస్తున్నడు, గాయన్ని దింపాలె. నీ కవర్ ఇస్తనన్నవ్ గద, యాది మర్వకు."

"ఎట్ల మరుస్త? తయారుగనే ఉంది."

కవరు సంచిలో ఉంది. పట్నం దారిలో కొత్తగా పెట్టిన ఇంజినీరింగు కాలేజీకి ఆఫీసు వ్యవహారాలు చూసే అధికారి కావాలని పేపర్లో పడింది. ఉన్నది ఒకటే పోస్టు. డిగ్రీ లేకపోయినా పదిహేనేళ్ల ఆఫీసు అనుభవం ఉంటే చాలట. దరఖాస్తు ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా అందాలి. టైపిస్టుగా పుట్టినవాడికి అధికారి పోస్టెందుకని వారం రోజులు తనను తానే వెక్కిరించుకున్నాడు. చివరికి భార్య లాడ్లీ బేగం పోరు పడలేక నిన్న కూర్చుని దరఖాస్తు టైపు చేశాడు. ఈ నెలాఖరుతో మిల్లు ఆఫీసుకూ తాళం పడుతుంది. ఈ వయసులో, ఈ కీళ్లతో, ఇంకోచోట పిలుస్తారన్న ఆశ అతనికి లేదు. ఆశంతా ఆ కవర్లోనే ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక గుర్వయ్య సార్ వచ్చాడు. మిషన్ల మోతలో పాతికేళ్లు అరిచి అరిచి ఆయనకు మామూలుగా మాట్లాడటం పోయింది. మిల్లు మూగబోయినా ఆయన గొంతు తగ్గలేదు. నిలువెత్తు మనిషి. ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉంటుంది, మిగతాది ఏదో యంత్రం తీసుకుంది. మిషన్లకు నూనె పోసే పనితో మొదలుపెట్టి మేనేజర్ దాకా వచ్చినవాడు. ఏ కదురు ఎక్కడ కొట్టుకుంటోందో చప్పుడు విని చెప్పగలడు. కాగితం చూస్తే మాత్రం చెమట పడుతుంది.

"పీర్ సాబ్! గిది సూడు!"

ఎర్ర పెన్సిలుతో గీత గీసిన పేపరు ముక్క మిషన్ మీద పెట్టాడు. అదే కాలేజీ. అదే పోస్టు. పీర్ మహమ్మద్ కాలితో సంచిని టేబులు కిందికి నెట్టాడు.

"మిల్లులన్నీ మూతపడుతున్నయ్. నాకొచ్చిన పనికి యాడ నౌకరి లేదు. గా పాత బయోడేటాల అన్నీ మిషన్లే ఉన్నయ్. కాలేజోడు మిషన్లేం జేసుకుంటడు? ఆఫీసు పని జేసినోని లెక్క మార్చి కొట్టు."

"ఆఫీసు పనిల ఏమేం రాయమంటరు సార్?"

గుర్వయ్య ఆలోచించాడు. ముఖం తుడుచుకున్నాడు.

"నన్నడుగుతవేంది? నేనేం జేసిన్నో నీకు తెల్వదా? నువ్వే రాయి."

"చదివి సంతకం పెడుదురు."

"ఎన్నడన్న చదివిన్నా?" ఆయన నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "పీర్ సాబ్, మా వాడల కుర్సీల కూసున్న మొదటోన్ని నేను. మా నాయిన పెద్దోళ్లింట్ల పసులు గాసుకుంట జీతమున్నడు. గిప్పుడు ఉత్త చేతులతోటి ఊరికి పోతే, గా పెద్దోళ్ల ముంగట ఎట్ల నిలబడాలె? గీ ఒక్క నౌకరి దొరకాలె."

అని, తెల్లకాగితాలు రెండు ముందుకు లాక్కుని, పెన్ను మూత పళ్లతో లాగి టేబులు మీద పడేసి, రెండింటి అడుగునా సంతకం పెట్టి, సామాను ఎక్కించడానికి గబగబా వెళ్లిపోయాడు. షెడ్డులోకి పోయేముందు ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి పోవడం ఆయన అలవాటు. పైన ఏం రాయాలో పీర్ మహమ్మద్ చూసుకుంటాడు. ఇన్నేళ్లలో ఆ సంతకం పైన ఒక్క తప్పుడు మాట పడలేదు.

ఆఫీసులో అతనూ, రెండు సంతకాలూ మిగిలారు. గోడ గడియారం రెండవడానికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

మొదటి కాగితం ఎక్కించాడు. వేళ్లు ఇంగ్లీషులో చకచకా నడిచాయి. మిల్లు నడిపించెను. అవసరమైనప్పుడు ఆఫీసు పని కూడా చూసుకొనెను. సర్దుకుపోయే స్వభావము గలవాడు. నిజానికి ఇందులో అబద్ధమేమీ లేదు. ఇది చదివిన కాలేజీవాళ్లు రెండో నిమిషంలో బుట్టలో పడేస్తారు. సార్‌కి తెలియదు, ఎన్నటికీ తెలియదు. సంచిలో ఉన్న కవరుకు అడ్డు తొలగిపోతుంది.

సగం పేజీ దగ్గర వేళ్లు ఆగాయి. మోచేతులు టేబులుకు ఆనాయి. ఈ టేబులు మిగతావాటికన్నా నాలుగంగుళాలు పొట్టి. ఉద్యోగానికి వచ్చిన మొదటిరోజు, చేతులు చాపలేని వాడు టైపేం కొడతాడని గుమాస్తాలందరూ నవ్వారు. అప్పటికి గుర్వయ్య వట్టి ఫోర్‌మన్. "చేతులు అందకుంటే టేబులు దించాలె గాని మనిషిని ఎల్లగొడ్తరా?" అని అరిచి, రంపం తెచ్చి తనే నాలుగు కాళ్లూ కోశాడు. పద్దెనిమిదేళ్లు ఆ టేబులు మీదే ఇంటిల్లిపాదీ బతికారు.

ఆ మేలు గుర్తుకు రావడం పీర్ మహమ్మద్‌కు ఏమాత్రం ఇష్టం లేదు. ఇంకో గంట ఆగి గుర్తొస్తే ఏం పోయేదని విసుక్కున్నాడు. కాగితం లాగి నాలుగు ముక్కలు చేశాడు.

రెండోది ఎక్కించాడు. సంతకమున్న కాగితం ఇక ఇదొక్కటే. తప్పు పోవడానికి లేదు.

ఎనభై ఆరులో నలభై రోజుల సమ్మెను పోలీసులు రాకుండా రాజీతో ముగించిన ఉత్తరాలు. ఎన్నేళ్ల కిందటి కాగితమైనా రెండు నిమిషాల్లో దొరికేలా సర్దిన ఫైళ్లు. ఊళ్ల నుంచి వచ్చే ఆడకూలీలకు బస్సు వేయించిన అర్జీ. సెలవుల మీద గొడవలు లేకుండా తయారుచేసిన నియమాలు. ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోయాడు. ప్రతి ఉత్తరం సార్ సంతకంతోనే వెళ్లింది. రాసిందీ, రాయక ముందు రాత్రులు ఆలోచించిందీ తను. తన కవర్లో ఇవే వాక్యాలున్నాయి. ఒకే మాటలతో రెండు దరఖాస్తులు ఒకే బల్ల మీద పడితే, మేనేజర్ కాగితాన్ని టైపిస్టు దొంగిలించాడనే అంటారు. అతనికది తెలుసు. తెలిసే కొట్టాడు.

చివరి వాక్యమయ్యాక వేళ్లు వాటంతటవే అడుగున ఎడమ మూలకు పోయాయి. పెద్దక్షరాల్లో సార్ పేరులోని మొదటి అక్షరాలు, ఏటవాలు గీత, చిన్నక్షరాల్లో తన పేరువి. చెప్పినవారెవరో, కొట్టినవారెవరో తెలియడానికి ఆఫీసు ఉత్తరాలన్నిటి మీదా ఉండే గుర్తు. సొంత బయోడేటా మీద అది ఉండకూడదు. చూసుకునేసరికి పడిపోయింది.

రబ్బరు తీసి మెల్లగా రుద్దాడు. కాగితం చిరిగితే అంతా పోయినట్టే. ముందు తన అక్షరాలు పోయాయి, తర్వాత సార్‌వి. ఆ చోట కాగితం పలచబడింది గానీ నిలిచింది.

బయట జీపు హారన్ మోగింది. గుర్వయ్య పరుగున వచ్చి కాగితం అందుకున్నాడు.

"మంచిగొచ్చిందా?"

"గీ కాగితంలున్న మనిషికి ఎవరన్న నౌకరిస్తరు సార్."

ఆయన చదవలేదు. కవర్లో పెట్టుకుని జేబు మీద చెయ్యేసుకున్నాడు. ఆ వెనకే ఎల్లేశం లోపలికి తొంగిచూశాడు.

"చాచా, నీ కవరేది?"

గుర్వయ్య వెనుదిరిగి చూశాడు. "నీదేం కవర్ పీర్ సాబ్?"

"బిడ్డకు ఉత్తరం సార్," అన్నాడు పీర్ మహమ్మద్. "ఇంక రాయలే. రేపు పోస్టు డబ్బల ఏస్త."

ఎల్లేశం అతని ముఖం చూసి జీపు వైపు నడిచాడు.

గుర్వయ్య అతని రెండు భుజాలూ పట్టుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "పోయొస్త. నువ్ ఫికర్ జెయ్యకు. టైపొచ్చినోనికేంది, యాడన్న దొరుకుతది," అని ఎప్పటిలాగే అరిచి చెప్పి జీపెక్కాడు. జీపు గేటు దాటి పట్నం రోడ్డెక్కింది.

పీర్ మహమ్మద్ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఏడుపు రాలేదు, పట్టరాని కోపం వచ్చింది. సార్ మీదనా, తన మీదనా అంటే అతను చెప్పలేడు. సాయంత్రం లాడ్లీ బేగం కవరు సంగతి అడుగుతుంది. చేతులకు పని లేక టేబులు మీది కాగితపు ముక్కలు ఏరసాగాడు.

వాటి కింద గుర్వయ్య సార్ పెన్ను మూత దొరికింది, నల్లది, ఎప్పుడూ పళ్ల మధ్య పెట్టుకోవడం వల్ల కొసంతా గాట్లు పడి ఉంది.