ఇత్తడి పోటీలో ఫిరంగి గుండు

మా మామగారు క్లెమ్ మొదటి యుద్ధం నుంచి వస్తూ ఫ్రాన్సులో దొరికిన, మూరెడు పొడుగున్న ఇత్తడి తొడుగు ఫిరంగి గుండొకటి మేజోళ్లలో చుట్టి తెచ్చుకున్నారు. ఇంగ్లండులో మా యార్క్‌షైర్ లోయలో అదేమంత వింత కాదు. పక్కింటివాళ్లు జర్మన్ ఇనుపటోపీలో ఉల్లిపాయలు పోసుకునేవారు. మా ఇంట్లో గుండు వంటింటి తలుపుకు అడ్డుగా నిలబడింది. అత్తగారు వినిఫ్రెడ్ ఇరవై తొమ్మిదేళ్లు ప్రతి శుక్రవారం దాన్ని ఒళ్లో పెట్టుకుని, తిరగేసి మరీ తోమారు.

ఎవరి ఇత్తడి సామాను ఎక్కువ మెరుస్తుందో చూసే చర్చి హాలు పోటీ, రెండో యుద్ధంలో ఆగిపోయినది, నలభై ఏడులో మళ్లీ మొదలైంది. యుద్ధానికి ముందు ఏడేళ్లూ అత్తగారికి రెండో బహుమతే. మొదటిది డోరతీ థ్వెయిట్ గారి కెటిల్‌ది. ఈసారి అత్తగారు ఎప్పుడూ పెట్టే కొవ్వొత్తి స్తంభాలు మానేసి, గుండును చంటిపిల్లల బండిలో పెట్టి తోసుకెళ్లారు.

"ఏం వినీ, మళ్లీ రెండోదానికే ఇంత మోత మోశావా?" అంది డోరతీ.

"నీ కెటిల్‌కి ముక్కు వంకర. ముందది చూసుకో," అన్నారు అత్తగారు.

న్యాయనిర్ణేత పికర్స్‌గిల్ గారు ఒకప్పుడు ఫిరంగిదళంలో పనిచేసినవారు. గుండు దగ్గరికొచ్చి వంగారు. వంగినవారు లేవలేదు.

"క్లెమ్, లోపలి మందు తీయించావా?" అని మెల్లగా అడిగారు.

"ఎందుకు తీయిస్తానండీ? బాగానే ఉందిగా!" అన్నారు మామగారు.

హాలు ఖాళీ చేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తలుపు దగ్గర "ముందు మీరు", "అబ్బే, మీరే పదండి" అని అందరూ ఆగిపోయారు. టీ కప్పులు కడగకుండా వదిలేయడం బాగుండదని ఇద్దరు వెనక్కి కూడా వెళ్లారు.

పట్టణం నుంచి బాంబులు తీసే సార్జంట్ వచ్చాడు. గుండును బయట తన బండిలో ఇసుకబస్తాల మీద పడుకోబెట్టి, పేల్చేయడానికి రాళ్ల క్వారీకి తీసుకెళ్లబోతుంటే అత్తగారు అడ్డుపడ్డారు.

"ఆగు నాయనా! తీర్పు కాకుండా వస్తువు ఆవరణ దాటితే పోటీలోంచి తీసేస్తారు. ఐదో నిబంధన."

"అమ్మా, ఇది పేలుతుంది!"

"నా ఒళ్లో ఇన్నేళ్లూ పేలనిది నీ చేతుల్లో పేలుతుందా? పేలిందంటే నువ్వే ఏదో చేసి ఉంటావు!"

నిబంధన నిబంధనే. పికర్స్‌గిల్ గారు హాలు పక్క పొలం అవతలి గట్టెక్కి బైనాక్యులర్స్‌లో చూశారు. "మెరుపు అమోఘం!" అని అక్కణ్ణుంచే కేకేశారు. "కానీ అడుగు కనబడట్లేదు. అడుగు చూడకుండా మార్కులేయలేను. సార్జంట్, కాస్త తిప్పుతారా?"

"తిప్పను!" అన్నాడు సార్జంట్.

"అయితే కెటిలే," అంది డోరతీ, టోపీ సర్దుకుంటూ.

అత్తగారి గడ్డం వణకడం నేనదే మొదటిసారి చూడటం. సార్జంట్ కూడా చూసినట్టున్నాడు.

"అయ్యా, ఎత్తేటప్పుడు అడుగు నేను చూశాను," అని అరిచాడు. "అందులో నా మొహం మొత్తం కనబడింది. భయంతో సున్నం కొట్టినట్టుంది."

పికర్స్‌గిల్ గారు పుస్తకంలో రాసుకుని, గుండుకే మొదటి బహుమతి ప్రకటించారు. అప్పుడుగానీ బండి కదలనివ్వలేదు అత్తగారు.

అరగంట తర్వాత క్వారీ దిక్కున దభీమంది. హాలు కిటికీలు దడదడలాడాయి. అందరూ అటు తిరిగారు. అత్తగారు మాత్రం డోరతీ మొహమే చూస్తూ నిలబడ్డారు.