ఒంటికి పట్టని రొట్టెలు

కళావతికి ఆర్నెల్లుగా కడుపు మండిపోతూనే ఉంది. మొగుడు ఓదెలు అడిగాడని రోజూ ఏడు జొన్నరొట్టెలు డబ్బాలో సర్దుతోంది. నిరుడు నాలుగే. ఆ మనిషేమో మధ్యాహ్నం పూట సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆపి, డబ్బా సైకిలుకు తగిలించుకుని బోయినపల్లి రోడ్డు పడుతున్నాడని పక్కింటి మల్లవ్వ చెప్పింది. ఎవతో ఉందన్నమాట. తన రొట్టెలు తిని అది ఎంత నునుపెక్కిందో తలుచుకుంటే కళావతికి ముద్ద దిగేది కాదు.

ఆ ఏడు హైదరాబాదు నుంచి ఒక డాక్టరమ్మ సిరిసిల్లకు వచ్చి, సాంచెలు నడిపేవాళ్ల ఒంట్లో కొవ్వు ఎంతుందో కొలిచింది. నక్సలైట్ల రోజులు కదా, ఆమె వెంట కానిస్టేబులు ఒకడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఓదెలు తమ్ముడు పోశం నిరుడు అన్నలలో కలిసిన దగ్గర్నుంచి ఆ ఇంటి మీద పోలీసులకు ఒక కన్ను ఉండనే ఉంది.

డాక్టరమ్మ పట్టకారు లాంటి పనిముట్టుతో ఓదెలు చేతి వెనక, వీపు మీద, నడుము దగ్గర చర్మం మడత పట్టి చూసింది. లెక్క వేసి, నూటికి ఆరు పాళ్లే కొవ్వు అంది. ఎముక పెద్దది కాబట్టి తూకంలో బయటపడటం లేదట. ఏం తింటాడని అడిగితే కళావతి ఏడు రొట్టెలని చెప్పింది. అన్ని తినే ఒళ్లు కాదమ్మా ఇది, అంది డాక్టరమ్మ.

కళావతికి ఒళ్లు తెలియలేదు.

"మరి నా రొట్టెలు ఎవరికి పెడుతున్నవ్?" అని వాడకట్టంతా వినేలా అడిగింది.

ఓదెలు కానిస్టేబులు వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. కానిస్టేబులు అరుగు దిగి, ఎవరికి పోతున్నాయి రొట్టెలు అంటూ దగ్గరికి వచ్చాడు. రొట్టెలు పెరిగింది పోశం అడవిలోకి పోయిన తర్వాతేనని కళావతికి అప్పుడు తట్టింది.

"బోయినపల్లి దిక్కు ఒకదాన్ని ఉంచుకున్నడు సారూ," అంది. "నా బతుకు గిట్లయింది."

కానిస్టేబులు నవ్వి వెనక్కి పోయాడు. ఆడవాళ్లు చుట్టూ చేరి అయ్యో అన్నారు. లేని సవతిని కళావతి తన నోటితోనే ఊరికి చూపించింది.

ఇంట్లోకి పోయాక కూడా ఆమె కడుపుమంట చల్లారలేదు. ఇప్పుడది మరిది మీదికి మళ్లింది. కట్టుకున్న దానికంటే మొగుడికి వాడే ఎక్కువయ్యాడు. మొగుడు తనకు ఒక్క మాటైనా చెప్పలేదు.

మరునాడు డబ్బా అందుకున్న ఓదెలు, బరువుగా ఉందని ఆగాడు.

"పది పెట్టిన," అంది కళావతి. "మూడు నా ముంగట తిని పో."