ముప్పై సెకన్ల పరామర్శ

ఆ పిల్ల నవ్వు చూస్తేనే బెరిల్‌కి ఒళ్లు కంపరమెత్తుతోంది. ఇంగ్లండులోని ఓల్డమ్‌లో ఆ చర్చి హాలులో పదకొండేళ్లుగా పేదలకి ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంక్ నడుస్తోంది. వచ్చినవాళ్లకి బీన్స్ డబ్బాలు అందిస్తూ వాళ్ల మోకాళ్ల నొప్పులూ దగ్గులూ బెరిల్ ఎన్ని వినలేదు! అలాంటి మనిషికి జనంతో ఆరోగ్యం గురించి ఎలా మాట్లాడాలో నేర్పడానికి ఏదో సంస్థవాళ్లు ఇమొజెన్ అనే ఈ పాతికేళ్ల పిల్లని పంపారు.

"అడగాలి, ఒక్క మంచిమాట చెప్పాలి, సలహాల కాగితం చేతిలో పెట్టాలి. మొత్తం ముప్పై సెకన్లే!" అంది ఇమొజెన్.

"ముప్పై సెకన్లలో మా ఆయనకి తుమ్ము కూడా పూర్తిగా రాదు" అని గొణిగింది బెరిల్.

పక్కనున్న క్లిఫర్డ్ నవ్వలేదు. రిటైరైన బస్సు డ్రైవరతను, ఆమెతోపాటే అక్కడ పనిచేస్తాడు. ఆమె ఏ వేళాకోళమాడినా ముందు నవ్వేది అతనే.

తర్వాత ఇద్దరిద్దరు నాటకమాడాలట. క్లిఫర్డ్ చేతికిచ్చిన అట్ట మీద 'సిగరెట్లు మానలేకపోతున్నాను' అని ఉంది. బెరిల్ అట్ట మీద ఆమె అనాల్సిన మాటలున్నాయి. ఇద్దరినీ అందరి ముందూ నిలబెట్టారు.

"ఈమధ్య ఆరోగ్యం ఎలా ఉందండీ?" బెరిల్ మొహం చిట్లించుకుని చదివింది.

క్లిఫర్డ్ అట్ట వంక చూడలేదు. "మూడు వారాలుగా ఒంటేలుకెళితే నెత్తురు పడుతోంది. ఇంట్లో చెప్పలేదు. మా తమ్ముడికీ ఇలాగే మొదలైంది. పోయాడు."

బెరిల్ తన అట్ట చూసుకుంది. "దీని గురించి ఒక కాగితం ఇవ్వమంటారా?" అని చదివేసింది.

"ఎంత సహజంగా నటించారండీ!" ఇమొజెన్ చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. "కాకపోతే అట్ట మీదున్నదే చెప్పాలి, సరేనా?"

"సరేనమ్మా" అని క్లిఫర్డ్ కూర్చున్నాడు. చేతిలో అట్టని మడతలు పెట్టి నలిపేస్తున్నాడు.

అది చూశాక బెరిల్‌కి అనుమానమొచ్చింది. ఆ పిల్లని చూస్తే రోత, ఆ చప్పట్లంటే రోత. మనిషి నెత్తురు పడుతోందంటే కాగితం ఇవ్వనా అన్న తన నోరంటే మరీ రోత.

"క్లిఫ్, అది నాటకమేనా?"

"కూర్చో బెరిల్. పాఠం చెప్పుకోనీ పాపం."

"పాఠం తగలెయ్య! నాటకమేనా అంటున్నా."

అతను తల అడ్డంగా ఊపాడు. బెరిల్ అతని కోటు అందుకుంది.

"మధ్యలో వెళ్తే సర్టిఫికెట్ రాదండీ!" అంది ఇమొజెన్.

"నువ్వే పెట్టుకో తల్లీ" అని బెరిల్ అతన్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. డాక్టరుగారి క్లినిక్ రెండు వీధుల అవతలే.

"అంతమంది ముందు చెప్పడమేంటయ్యా నీ మొహం! వారానికి మూడ్రోజులు నా పక్కనే నించుని డబ్బాలు సర్దుతావు. నాతో చెప్పొచ్చుగా?"

"చెబుదామనే ప్రతిసారీ వచ్చేవాణ్ని." క్లిఫర్డ్ గొంతులో నిష్ఠూరం లేదు. "వచ్చినవాళ్లందర్నీ ఎలా ఉన్నారని అడుగుతావు. నన్నెప్పుడూ అడగలేదు."

బెరిల్ అతని రెక్క వదిలి చెయ్యి పట్టుకుంది. క్లినిక్ దాకా అతని చెయ్యి వదల్లేదు.