మేకపోతు గంట

జపర్‌కుల్ గంట నాలుకకు గుడ్డపీలిక చుట్టి ముడి వేశాడు. లేకపోతే ట్రాలీబస్సులో అది గణగణలాడుతుంది, జనం తిరిగి చూస్తారు. జనం తిరిగి చూడటమంటే అతనికి మొదటినుంచీ చావే.

నలభై ఏళ్ళుగా బిష్కెక్ వాద్యబృందంలో వెనక వరుస, డోళ్ళ పక్కన అతని చోటు. ఇవాళ మధ్యాహ్నం పిల్లల కచేరీతో ఆ కొలువు ముగుస్తుంది. వాయించేది తప్పిపోయిన గొర్రెపిల్ల కథ. ఆ కథ చదవకుండా పెరిగిన పిల్లలు ఇక్కడ లేరు. దానికి కట్టిన సంగీతంలో అరవైమంది గాలినీ మంచునీ తోడేలునూ వాయిస్తుంటే, జపర్‌కుల్ వేళ్ళమీద నూటపన్నెండు తాళావర్తాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ఆ తర్వాత ఒకే ఒక్కసారి గంట ఊపాలి. మందను నడిపే మేకపోతు మెడలోని గంట అది. ఆ చప్పుడు పట్టుకునే గొర్రెపిల్ల మందను చేరుతుంది. ఆ గంట జపర్‌కుల్ వాళ్ళమ్మదే. సొంత మందలోంచి విప్పి ఇచ్చింది.

ఎన్నో ఏళ్ళ కిందట, దాని మొదటి ప్రదర్శనకు ఆవిడ కొండలు దిగి వచ్చింది. పొగవాసన కొట్టే కోటు, ఉన్ని బూట్లు. మూడో వరుసలో కూర్చుని ఎండబెట్టిన పెరుగుండ కటకటా కొరికింది. పక్కనున్న పట్నపావిడ ముక్కు చిట్లించింది. అమ్మ చెయ్యూపింది. జపర్‌కుల్ చూడనట్టు తల దించుకున్నాడు. ఎత్తేసరికి లెక్క తప్పింది. గంట మోగకుండానే సంగీతం అయిపోయింది.

"గంట ఎప్పుడు కొట్టావురా అయ్యా? చెవులు రిక్కించుకునే కూర్చున్నా, వినబళ్ళేదే!" అంది బయట మెట్లమీద. తోటివాళ్ళు వింటున్నారు.

"కొట్టానమ్మా. నీకే చెవుడొచ్చినట్టుంది."

నమ్మేసింది, పిచ్చిది. తోడేలొస్తే ఈ చెవిటిదానికి ఏం తెలుస్తుందని మందను మరిదికి అప్పగించింది. విందుల్లో ఓ మూల కూర్చునేది. పదకొండేళ్ళు. పోయేరోజున పరుపుమీంచే, "పక్క గుడారంలో పాలు పొంగుతున్నాయ్, చూడండర్రా" అంది. నిజంగానే పొంగుతున్నాయి. అప్పుడైనా అతను నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నా గుర్తొస్తుంది.

ఇవాళ హాలునిండా పిల్లలు. గంట నాలుకకు కట్టిన పీలిక విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. నూటపది, నూటపదకొండు, నూటపన్నెండు. జపర్‌కుల్ గంట ఊపాడు. చేతికి అదురు తెలిసింది. చెవికి ఏమీ తెలియలేదు. ఏడాదిగా సన్నని చప్పుళ్ళు అతనికి అందడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

చప్పట్లు సద్దుమణిగాక డోళ్ళు వాయించే సైకాల్ వైపు వంగాడు. "మోగిందా తల్లీ?"

"మోగకేం బాబాయ్!" సైకాల్ అతని చెవి దగ్గరకొచ్చి నవ్వింది. "నీకే చెవుడొచ్చినట్టుంది."

అతను ఆమె మొహంలోకి చూశాడు. అబద్ధమో నిజమో తేలలేదు.

"మా అమ్మకు చెవుడు లేదమ్మా," అన్నాడు. "ఆరోజు నేను గంట కొట్టలేదు."

"ఏరోజు బాబాయ్?"

అతను కోటు తొడుక్కుని, గుడ్డపీలిక జేబులో పెట్టుకుని వెనక మెట్లు దిగాడు. "బాబాయ్, గంట మర్చిపోయావ్!" అని సైకాల్ కేకేసింది. హాల్లో పిల్లలందరూ తిరిగి చూశారు. అతను చూడలేదు.

కుర్చీలో గంట పక్కకు ఒరిగి ఉంది, నాలుకకు కట్టు లేకుండా.