తిట్టు తిన్న చెవి రంగు

రంగుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ నంబరమ్మ అంటారు. పంతొమ్మిదేళ్లుగా ఆమె పని ఒక్కటే. తెల్ల రంగు డబ్బాలో చుక్కలు చుక్కలుగా రంగు ముద్ద వేసి కలపడం, అట్టముక్క మీద పూసి ఆరబెట్టడం, కిటికీ వెలుతురులో పెట్టి చూడడం. నాలుగు వందల పదిహేడుకీ పద్దెనిమిదికీ తేడా మామూలు కంటికి ఆనదు. ఆమె మాత్రం గుమ్మంలోంచే చెప్పేస్తుంది. అంత కన్నున్న మనిషికి, ఏం లాభం, నోట్లో పేరన్నది పుట్టదు. మీ హాలుకి ఏ రంగు వేశారని పక్కింటావిడ ముచ్చటపడి అడిగితే "రెండు వందల ఆరు" అంది. ఆవిడ అది బస్సు నంబరేమో అనుకుంది.

అలాంటి మనిషిని పట్టుకుని మేనేజరు సోమవారం పొద్దున్నే బాంబు పేల్చాడు.

"జనానికి నంబర్లు గుర్తుండవమ్మా. షాపుల్లో చూపించే కొత్త కార్డులో ఇరవై నాలుగు రంగులకీ పేర్లుండాలి. కలిపింది మీరే కాబట్టి పెట్టేది కూడా మీరే. శుక్రవారానికి ఇచ్చేయండి."

ఆమె రాత్రంతా కూర్చుని రాసిచ్చింది: లేత పసుపు, ఇంకా లేత పసుపు, బాగా లేత పసుపు. మేనేజరు కాగితం చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇవి పేర్లలా లేవమ్మా. మెట్లు దిగుతున్నట్టుంది."

నిజానికి ఆమెకు రంగుల దిగులు కన్నా ఇంటి దిగులే పెద్దది. ఇంట్లో మామగారు నోరు మూసుకుని కూర్చున్నారు.

ఆయన నలభై ఏళ్లు చర్చిలో ప్రసంగాలు చెప్పిన అయ్యగారు. ఇప్పటికీ అందరికీ పెద్దయ్యగారే. మైకు లేకుండా చివరి బెంచీ దాకా వినిపించే గొంతు ఆయనది. ఎనిమిది నెలల కిందట పక్షవాతం తగిలింది. చెయ్యీ కాలూ తిరిగొచ్చాయి, మాటా వచ్చింది. కానీ వస్తువుల పేర్లు మాత్రం ఎటో పోయాయి. పిలిచిన మాట రాదు, దాని పక్కనున్న మాట వస్తుంది. చెంచా కావాలంటే "ఆ నోటి పడవ ఇటివ్వమ్మా" అంటారు. తాళంచెవి ఆయనకు తలుపు నాలుక. ఫ్యాను తిరిగే చల్లన. ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండండి, అవే దారిలో పడతాయని డాక్టరు చెప్పాడు.

ఆ మాట కొడుకు చెవికెక్కలేదు. ఆమె భర్త అతను, గడియారాలు బాగుచేస్తాడు. అర నిమిషం తేడా కనిపిస్తే ఊపిరాడని మనిషి. "చెంచా నాన్నా, చెంచా" అని ప్రతి మాటకీ దిద్దేవాడు. ప్రేమకొద్దీ చేశాడే గానీ, ప్రేమైనా ముల్లు ముల్లే కదా.

ఆపైన ఆ ఆదివారం వచ్చింది. చర్చివాళ్లు నలుగురు భోజనానికి కూర్చున్నారు. పెద్దయ్యగారు చేతులు జోడించి, గంభీరంగా, "ప్రభువా, ఈ వేడి వేడి చెప్పుల కోసం నీకు స్తోత్రం" అన్నారు. ఒకాయన ఆపుకోలేక ఫక్కున నవ్వాడు. "భోజనం నాన్నా" అన్నాడు కొడుకు. ఆయన ప్రార్థన అక్కడే ఆపేశారు. ఆరు వారాలైంది, మళ్లీ పైకి ప్రార్థన చేయలేదు. అవసరమైతే వేలు చూపిస్తున్నారు. భోజనాల ముందు ప్రార్థన ఇప్పుడు కొడుకు చేస్తున్నాడు, కచ్చితంగా పదకొండు సెకన్లు.

పంతొమ్మిదేళ్లుగా ఆ గొంతు విన్నాకే ముద్ద నోట్లో పెట్టుకున్న కోడలికి, ఆరు వారాలుగా తిన్నది ఒంటబట్టడం లేదు. ఆయన మళ్లీ ప్రార్థన చేయాలి. ఆమెకు కావలసిందల్లా అదే.

గురువారం సాయంత్రం ఆమె ఇరవై నాలుగు అట్టముక్కలూ భోజనాల బల్ల మీద పరిచింది. మామగారు ఎదురు కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. ఎంత చూసినా ఆమె బుర్రలో అంకెలే తిరుగుతున్నాయి. చివరికి కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఇరవై నాలుగంటే నీకో లెక్కా? ఒక్కొక్కటీ చెవిలో చెప్పు. నేను రాసుకుంటాను."

పరలోకం నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. ఆమెకు దేవుడి మీద కొంచెం కోపం కూడా వచ్చింది. కళ్లు తెరిచేసరికి, ఒక వేలు గులాబీ రంగు ముక్కను మెల్లగా ఆమె వైపు జరుపుతోంది.

"తిట్టు..." అన్నారు పెద్దయ్యగారు. ఆగి, వెతుక్కుని, "తిట్టు తిన్న చెవి."

ఆమె ముక్కను పైకెత్తి చూసింది. అది నిన్నటి దాకా మూడు వందల పద్దెనిమిది. ఎరుపు రెండు చుక్కలు, పసుపు అర చుక్క. ఇప్పుడు ఎటు తిప్పి చూసినా అది తిట్టు తిన్న చెవే. ఆమె నవ్వలేదు, మెచ్చుకోలేదు. ఎక్కడ బెదిరి ఆగిపోతారోనని, గప్‌చుప్‌గా రాసుకుని ఇంకో ముక్క ముందుకు తోసింది.

"కోపం తగ్గిన ఇటుక."

తర్వాతిది బూడిద రంగు. "ఇది... వాన మనసు మార్చుకుంది."

లేత నీలాన్ని ఆయన చేతిలోకి తీసుకున్నారు. "ఉతికి ఆరేసిన మధ్యాహ్నం" అన్నారు.

అప్పుడే కొడుకు గదిలోకొచ్చాడు. "అది ఆకాశనీలం కదా నా..."

"మీరెళ్లి గడియారాలు చూసుకోండి" అంది ఆమె, తలెత్తకుండా. పెళ్లయ్యాక అంత సూటిగా అతనితో మాట్లాడడం అదే మొదటిసారి. అతను నిజంగానే వెళ్లిపోయాడు.

చీకటిపడేలోగా పంతొమ్మిది పేర్లు తేలాయి. మిగిలిన అయిదింటికీ ఆమే పెట్టింది. ఆయన ఎదురుగా కూర్చుని చూస్తుంటే ఆమె బుర్రలో అంకెలు కాస్త పక్కకు జరిగాయి. ముదురాకుపచ్చకి "ఎవరితోనూ మాట్లాడని చెట్టు" అని తానే రాసి, రాసింది తానేనా అని చెయ్యి చూసుకుంది.

మర్నాడు మేనేజరు కాగితం చదువుతూ చదువుతూ తన చెవి తడుముకున్నాడు. "ఎవరు పెట్టారమ్మా ఇవి? కవిగారా?"

"కాదు సార్. మా మావయ్యగారు. ఆయనకి మాటలు రావు."

ఇరవై నాలుగూ అచ్చుకు వెళ్లాయి. ఆమె పరుగున ఇంటికొచ్చి చెప్పింది. పెద్దయ్యగారి మొహం వెలగలేదు.

"అన్నీ తప్పులేనమ్మా" అన్నారు. "ఒక్కటీ అసలు పేరు కాదు. అసలువి పోయాయి."

ఆమెకు ఉక్రోషం వచ్చింది, ఏడుపూ వచ్చింది. మామగారికి ఎదురు చెప్పని కోడలు ఆయన ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీ ప్రసంగాలే మీకు చెప్పాలా మావయ్యగారూ? దేవుడు జంతువులన్నిటినీ చేసి ఆదాము ముందుకు తెచ్చాడు. ఆయనకి పేర్లు తెలియకనా? తనే చెప్పేస్తే ఒక్క నిమిషంలో అయిపోయేది. చెప్పలేదు. ఇతనేమంటాడో చూద్దామని పక్కన నిలబడ్డాడు. ఏనుగు వచ్చి ఎదురుగా నిలబడితే, ఆదాము దగ్గర మాత్రం అసలు పేరెక్కడుంది? మీలాగే వెతుక్కునుంటాడు. వెనక నుంచి దిద్దేవాళ్లు కూడా ఎవరూ లేరు."

గడియారం విప్పుకుని కూర్చున్న భర్త చిన్నగా దగ్గాడు.

"తన పోలికలో మనల్ని చేశాడని మీరే అనేవారు. పోలికంటే ముక్కూ మొహమూ కాదు కదా. లేనిది కొత్తగా తేగలగడం కూడా ఆయన పోలికేనేమో. అది మీకు పోలేదు. నిన్న నా కళ్లతో చూశాను."

"చూద్దామని" అన్నారు పెద్దయ్యగారు తనలో తాను. "నలభై ఏళ్లు చెప్పాను. ఆ ముక్క దగ్గర ఎప్పుడూ ఆగలేదు."

భోజనాలకు కూర్చున్నారు. కొడుకు పదకొండు సెకన్ల ప్రార్థనకు తల వంచాడు. తండ్రి చెయ్యెత్తి ఆపారు. చేతులు జోడించారు. మొదటి మాటే రాలేదు. అరవై ఏళ్లుగా పొద్దున లేస్తూనే పిలిచిన పేరు, అదీ పోయింది. ఆయన పెదవులు ఊరికే కదులుతున్నాయి. కొడుకు నోటి దాకా "ప్ర" వచ్చేసింది. బల్ల కింద భార్య అతని పాదం మీద గట్టిగా కాలేసింది. అతను పళ్ల బిగువున ఊరుకున్నాడు.

"మేమేమంటామో విందామని కూర్చున్న అయ్యా" అన్నారు పెద్దయ్యగారు. గొంతు చివరి బెంచీ దాకా కాదు, బల్ల అవతలి దాకానే వచ్చింది. "పాతవి నా దగ్గర లేవు. కొత్తవే ఉన్నాయి. ఇవే తీసుకో."

కోడలికి కళ్లనీళ్లు ఆగలేదు, ఆమె ఆపుకోనూ లేదు. ఆయన ఒక్కొక్కటీ వెతుక్కుంటూ, ఆకలికీ వేడికీ బల్ల చుట్టూ ఉన్నవాళ్లకీ తనకు తోచిన పేర్లు పెడుతూ స్తోత్రాలు చెప్పారు. కొడుకు ఒక్కదాన్నీ దిద్దలేదు. చివర్లో ఆమెన్ అనే మాట దొరకడానికి చాలా సేపు పట్టింది. అది తెలిసినవాళ్లిద్దరూ తలలు వంచుకుని ఆయన కోసం ఆగారు. ప్లేట్లలో భోజనం చల్లారిపోయింది.