ఎరుపు కింద తెలుపు

మావిస్ టర్టన్ ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపింది. రిటైరైన మూడో వారంలో ఒకరోజు వాన తప్పించుకోవడానికి చాపెల్ వెనక హాల్లోకి దూరింది. లోపల పదిహేనుమంది మగవాళ్ళు ఒక పెద్ద బల్ల చుట్టూ నిలబడి, బొటనవేలంత సీసపు సైనికులను టేపుతో కొలిచి మరీ జరుపుతున్నారు. అందరూ మనవలున్న వయసువాళ్ళే. పాచికలు విసురుకుంటూ, రెండొందల ఏళ్ళనాడు తేలిపోయిన యుద్ధం గురించి చొక్కాలు పట్టుకునేంతగా వాదించుకుంటున్నారు. వీళ్ళకి వేరే పనేమీ లేదా అనుకుంది మావిస్. వాన వెలిసింది గానీ ఆవిడ కదల్లేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి సన్నని కుంచె ఒకటి కొనుక్కుంది.

గురువారం గురువారం ఆ క్లబ్బుకి వెళ్తూ ఎనిమిది నెలలు పోయాయి. ఇంట్లో కూచుని ఎవరి బొమ్మలకి వాళ్ళు ఎన్ని రంగులైనా వేసుకోవచ్చు, అడిగేవాడు లేడు. క్లబ్బు సైన్యానికి వెయ్యాలంటే మాత్రం క్లబ్బే బొమ్మలు చేతికివ్వాలి. ఇచ్చేది లియొనెల్ హాక్స్‌వర్త్. డెబ్భై దాటాయి, నలభై ఏళ్ళుగా అక్కడ రంగులంటే ఆయనే. ఆయన చేతిలోంచి బొమ్మలందుకునేదాకా, మావిస్ ఎన్ని గురువారాలు వచ్చినా, ఎన్ని కప్పుల టీ కలిపినా, చుట్టపుచూపుగా వచ్చిన మనిషి కిందే లెక్క. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు, తెలిసి బాధపడేది కూడా.

ఆ ఏడు వసంతకాలపు ప్రదర్శనకి నెల ముందు లియొనెల్ మణికట్టు బెణికింది. ఇరవై నాలుగుమంది దళం ఒక్కడివల్ల అయ్యేలా లేదు. ఆయన కాసేపు గొణుక్కుని, పన్నెండుమందిని తీసి మావిస్ ముందు పెట్టాడు. తను స్వయంగా కలుపుకున్న ఎరుపులో సగం జామ్ సీసాలో పోసిచ్చాడు. బెల్టులు తెలుపు, కాలర్లు పసుపు, ప్యాంట్లు బూడిదరంగు, కోట్లకి ఈ ఎరుపు తప్ప ఇంకోటి ముట్టుకోవద్దని పదేపదే చెప్పాడు. అడుగున ఏం పుయ్యాలో మాత్రం చెప్పలేదు. అన్నం వడ్డించుకునే ముందు కంచం పెట్టుకోమని ఎవరైనా చెబుతారా?

అక్కడే వచ్చింది చిక్కు. ఉత్త సీసం మీద రంగు పట్టదు, ముందు అడుగుపూత వెయ్యాలి. నల్లపూత వాళ్ళు వేరు, తెల్లపూత వాళ్ళు వేరు, వాళ్ళకీ వీళ్ళకీ క్షణం పడదు. నలుపు మీద వేస్తే మడతల్లో నీడ దానంతటదే మిగులుతుంది, తెలుపు మీద వేస్తే రంగు వెలుగుతుంది. లియొనెల్ నలుపు తప్ప ఎరగడు. మావిస్‌కి నల్లపూత మీద గుండీలూ బెల్టులూ కళ్ళకి ఆనవు, అందుకని ఆవిడ ఎప్పుడూ తెలుపే వేసేది. ఈ పన్నెండుమందికీ అదే వేసింది. నాలుగు వారాలు మెడ వంచిన మనిషి ఎత్తకుండా ఒక్కొక్క గుండీకీ ఊపిరి బిగబట్టి చుక్క పెట్టింది.

శనివారం ప్రదర్శన అనగా గురువారం సాయంత్రం ఇద్దరి సైనికులనూ ఒక బల్ల మీద పెట్టారు. లియొనెల్ పన్నెండుమందీ పాత ఇటుకల రంగులో ఉన్నారు. మావిస్ పన్నెండుమందీ టమాటాల్లా ఉన్నారు. సీసా ఒకటే, రంగు ఒకటే, దళాలు మాత్రం రెండు.

"ఏంటి డక్, నీవాళ్ళకి ఎండదెబ్బ తగిలిందా?" అన్నాడు రాయ్‌స్టన్. క్లబ్బు కార్యదర్శి, నోరు ఊరుకోదు. ఆ ఊళ్ళో ఎవరికి ఎవరైనా డక్కే, ఆప్యాయతకీ అదే, ఎగతాళికీ అదే. అందరూ నవ్వారు. మావిస్ కూడా నవ్వింది, చెవులు మాత్రం కాలిపోయాయి.

లియొనెల్ నవ్వలేదు. తప్పు తనదేననీ, ముందే చెప్పాల్సిందనీ అన్నాడు. ఈసారికి తన పన్నెండుమందితోనే చిన్న దళంగా నడిపిద్దామనీ, ఆవిడవి డబ్బాలో భద్రంగా ఉంచుకోమనీ, వచ్చే ఏడు చూద్దామనీ మెత్తగా చెప్పాడు. తిట్టినా బాగుండేది. ఆ మెత్తదనానికి ఆవిడ ప్రాణం ఉసూరుమంది. వచ్చే ఏడు అంటే ఇంక ఎప్పుడూ ఇవ్వనని చెప్పడమే, ఆ మాత్రం తెలీదా?

డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. డ్రైవరు ఆవిడకి తెలిసినవాడే, ఇరవై ఏళ్ళ సర్వీసు. పక్కన పని నేర్చుకుంటున్న అమ్మాయి నిలబడి ఉంది. అతని కోటు భుజాల దగ్గర వెలిసి బూడిదరంగుకి తిరిగింది, ఆ అమ్మాయిది పెట్టెలోంచి తీసిన మడత కూడా పోని నీలం. డిపోలో ఎవరు ఏ ఏడు చేరారో కోటు చూసి చెప్పెయ్యొచ్చు, పేర్లడగక్కర్లేదు. మావిస్ ఆ ఇద్దరినీ చూస్తూ చూస్తూ తన స్టాపు దాటిపోయింది. ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపి స్టాపు మరిచిపోవడం అదే మొదలు.

శుక్రవారం తొమ్మిదింటికల్లా లియొనెల్ గుమ్మంలో ఉంది. ఆయన టోస్టు ముక్క చేత్తో పట్టుకునే తలుపు తీశాడు. ఆవిడ కోటైనా విప్పకుండా వంటింటి బల్ల మీద డబ్బా పెట్టి మూత తీసింది.

"మీవాళ్ళు మూడు వేసవులు నడిచినవాళ్ళు, లియొనెల్. నావాళ్ళు మొన్ననే ఓడ దిగారు. దళం మాత్రం ఒకటే."

ఆయన టోస్టు పక్కన పెట్టాడు.

"మీవాళ్ళొక పక్కా నావాళ్ళొక పక్కా పెడితే తప్పులా కనబడుతుంది. అదే ఒక వరసలో కలిపేస్తే..." అంటూ డిపో సంగతంతా చెప్పింది. ఈయన కాదంటే ఇంక ఆ హాలు గడప తొక్కేది లేదని దారిలోనే అనుకుని వచ్చింది.

లియొనెల్ డబ్బాలోంచి ఒకణ్ణి తీసి వెలుతురుకి పట్టుకున్నాడు. అలమారులో ఆ యుద్ధం గురించిన పుస్తకాలున్నాయి గానీ ఒక్కటీ తియ్యలేదు, అవన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ఏటా ఇవ్వాల్సిన గుడ్డ ఓడలు ఆలస్యమై రాకపోవడం, కోట్లకి మాసికలు పడడం, చచ్చినవాళ్ళ చోట కొత్తవాళ్ళు కొత్త కోట్లతో దిగడం, అన్నీ చదివినవే.

"నలభై ఏళ్ళుగా చదువుతున్నాను," అన్నాడు చివరికి. "నా సైన్యంలో ఒక్కడి కోటైనా వెలిసిపోలేదు చూడు. అందరూ ఒకేరోజు ఒకే కొట్లో కొనుక్కున్నట్టున్నారు."

లేచి లోపలికి వెళ్ళి తన మూడు పలకలు తెచ్చాడు. పలకకి నలుగురు చొప్పున, కింద ఇసుక, గడ్డి, అంతా అతికి ఆరిపోయి ఉంది. సన్నని చాకు తీసుకుని మొదటి సైనికుడి పాదాల కింద దూర్చాడు. అతికించిన బొమ్మని ఆయన పీకడం ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. మావిస్ వద్దనబోయి ఆగిపోయింది. బెణికిన చెయ్యి నొప్పెడుతున్నట్టుంది, పళ్ళు బిగించి ఒక్కొక్కడినే ఊడదీశాడు. ఏడోవాడి మడమ పుటుక్కున విరిగింది. కళ్ళు మూసుకుని తెరిచి, జిగురు అందుకున్నాడు.

"వీణ్ణి అతికిస్తా. నువ్వు వరస పెట్టు. ఎవడి పక్కన ఎవడు ఉండాలో నీకే తెలుసు."

మావిస్ కోటు విప్పి కుర్చీకి తగిలించి కూచుంది. వెలిసినవాడి పక్కన మెరిసేవాణ్ణి, వాడి వెనక ఇద్దరు పాతవాళ్ళని, ఇలా సర్దుకుంటూ పోయింది. మధ్యాహ్నానికి ఆరు పలకలు తయారయ్యాయి. కిటికీ వెలుతురులో చూస్తే వాళ్ళు నిజంగానే ఎక్కడినుంచో నడిచొచ్చినట్టున్నారు. ఇద్దరూ చాలాసేపు తలలు వంచి వాళ్ళనే చూస్తూ కూచున్నారు.

తరవాత లియొనెల్ గరాజులోకి వెళ్ళి అట్టపెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. నిండా రంగు పడని సీసపు బొమ్మలు, శరత్కాలపు ఆటకి కావలసిన గుర్రపు దళం. పెట్టెని ఆవిడ ముందు బోర్లించి, బొమ్మల కుప్పని చేత్తో సరిగ్గా సగానికి విడదీసి, ఒక సగం ఆవిడవైపు తోశాడు.

"అడుగున నీ కళ్ళకి ఏది ఆనితే అది వేసుకో, డక్. ఇంక నన్నడక్కు."

మావిస్‌కి బస్సు లైసెన్సు వచ్చిన రోజున కూడా ఇంత సంతోషం కలగలేదు. ఒక గుర్రాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని, ఏడవకుండా ఉండడానికి దాని కాళ్ళు లెక్కపెట్టింది. నాలుగూ ఉన్నాయి.